బూటకపు ఎరతో సముద్రపు చేపల వేట

మన అనంతగిరి కొండలలో బుట్టి, బొర్రా గుహల చెంత బ్రవహించు గోస్తనీనది భీమునిపట్నమువద్ద సముద్రమున గలియుచున్నది. గెడ్డలలో వానపామును గ్రుచ్చి చేపలను బట్టుట మన బాలు రెఱిగినదే. సముద్రతీరముననో, ప్రాణముగల ఎర లేకయే, చేపపిల్లవలె గానవచ్చు లోహపు తునుకతో వేటాడు పద్ధతియు గలదు. దానిని మొదలుపెట్టు విధ మిందు వివరింపబడుచున్నది.

1. చేప యేల మోసపోవును?

వంజరము, పార, పండుగొప్ప మున్నగునవి చిన్నచేపలను వేటాడి తినును. గాయపడి తడబడుచు నీదు చేప వానికి సులభముగా దొరకును. చేపకు బ్రక్కలయందు దలనుండి తోకవఱకు నొక రేఖ గలదు. దానిచే నది నీటి కదలికను గుర్తించును. కావున రూపముకంటె మెఱుపును, చలనమును ముఖ్యములు. అమెరికా దేశీయుడగు జూలియో బ్యూయెల్ చెంచాను బోలిన ఎరకు 1852లో పేటెంటు పొందెను. ఫిన్లాండు జాలరి లౌరీ రాపాలా, గాయపడిన చేపల నడకను గనిపెట్టి, 1936లో బెండుతో నొక ఎరను జెక్కెను. శ్రద్ధగా జూచుటయే యీ విద్యకు మొదటి మెట్టు.

2. సాధనములు

ఒడ్డునుండి విసరుటకు సుమారు 9 అడుగుల కఱ్ఱ, దారము చుట్టుకొను గిలక, 20 మొదలు 40 గ్రాముల లోహపు ఎర చాలును. దారపు కొనకు రెండు మూడడుగుల దళసరి నైలాను దారమును ముడివేయవలెను. వంజరపు పండ్లు కత్తులవంటివి గాన దానికై సన్నని యుక్కుతీగ యవసరము. ముడిని దడిపి బిగింపవలెను. పొడిగా బిగించినచో రాపిడి వేడిచే నైలాను బలము తగ్గును. ఉప్పు లోహమును దినివేయును గాన, వేట ముగిసినపిదప సాధనముల నన్నిటిని మంచినీట గడుగవలెను.

3. అభ్యాసము

సముద్రమునకు బోకమునుపే, గాలము దీసివేసి, అంతే బరువుగల సీసపుగుండు గట్టి యాటస్థలమున నభ్యసింపవచ్చును. ముప్పది గజముల దూరమున నొక చేట నుంచి, గుండు దానియందు బడునట్లు విసరుడు. విసరుటకు ముందు వెనుక నెవరును లేకుండుట చూచుకొనవలెను. నీట బడిన ఎరను ఒకే వేగమున లాగక, కొంత చుట్టి, యించుక యాపి, మరల జుట్టవలెను. ఉదయ సాయంకాలములును, నదీముఖములును వేట కనుకూలములు.

4. జాగ్రత్తలు

గెడ్డనీ రొకే దిక్కునకు బోవును. సముద్రపు టల వచ్చి, మరలునప్పుడు కాలిక్రింది యిసుకను గూడ లాగికొనిపోవును. తడిసిన బండలు నాచుచే జాఱును. గెడ్డలో నీత నేర్చినవాడు సముద్రమున ధైర్యము చేయరాదు. పెద్దలు వెంటలేక పోరాదు. స్థానికులగు జాలరులు వలదన్నచోట నిలువరాదు. గాలము శరీరమున గ్రుచ్చుకొన్నచో దానిని లాగక వైద్యుని జేరవలెను. చేపలు గ్రుడ్లు పెట్టుకాలమని ప్రతివత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు మన తీరమున మరపడవల వేట నిషేధింపబడుచున్నది. ఒడ్డున నిలుచువాడును ఆ దినములలో గ్రుడ్లతో నున్న చేపను విడిచిపెట్టుట ధర్మము.

పేతురు వలలతో బ్రదికినవాడు. అయినను పన్ను చెల్లింపవలసివచ్చినప్పుడు ప్రభు వాతనిని గాలము వేయుమనెనని మత్తయి సువార్త 17వ అధ్యాయమున జదువుచున్నాము. ఆనాటి యక్కఱ కొక్క చేప చాలెను. బాలురారా, మీరును ఇంటికి వలసినంతయే పట్టి, తక్కినదానిని సముద్రమునకు విడువుడు.