ద్వాదశాంశంలో పూర్ణసంఖ్య: మారేదేది, మారనిదేది?

దోహా పారిశ్రామికవాడ సమీపంలోని ఏషియన్ టౌన్‌లో క్రికెట్ మైదానం ఉన్నది. అక్కడ జరిగే ఇరవై ఓవర్ల ఆటలో ఒక ఇన్నింగ్సుకు 120 బంతులు, యాభై ఓవర్ల ఆటలో 300 బంతులు. రెండేసి ఓవర్లను ఒక జతగా, అంటే పన్నెండు బంతుల కట్టగా లెక్కిస్తే ఈ సంఖ్యల రూపమే మారిపోతుంది. పదికి బదులు పన్నెండును ఆధారంగా తీసుకొని సంఖ్యలను వ్రాసే ఈ విధానమే ద్వాదశాంశ పద్ధతి.

దీనికి పన్నెండు అంకెలు కావాలి. 0 నుండి 9 వరకు పాతవే. పదికి ‘ద’ (దశ), పదకొండుకు ‘ఏ’ (ఏకాదశ) అనుకొందాం. స్థానాల విలువలు ఒకట్లు, పన్నెండ్లు, 144లు, 1728లు. 120లో పది పన్నెండ్లున్నాయి కనుక అది ‘ద0’. 300లో రెండు 144లు, ఒక పన్నెండు ఉన్నాయి కనుక అది ‘210’.

ఇది కొత్త వింత కాదు. బొటనవ్రేలితో తక్కిన నాలుగు వ్రేళ్ళ కణుపులను లెక్కించే అలవాటు మన పెద్దలది. నాలుగు మూళ్ళు పన్నెండు. 1957 ఏప్రిల్ 1 వరకు భారతదేశంలో రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. ఆనాడు ఖతర్‌లోనూ భారతీయ రూపాయే చెలామణిలో ఉండేది. అణాను ఇద్దరికి, ముగ్గురికి, నలుగురికి, ఆరుగురికి సమంగా పంచవచ్చు. నూరు దిర్హాముల నేటి రియాల్‌ను ముగ్గురికి పంచితే ఒక దిర్హాము మిగిలిపోతుంది.

ఈ సౌకర్యం వ్రాతలోనూ కనిపిస్తుంది. ద్వాదశాంశంలో చివరి అంకెను చూసి 2, 3, 4, 6లతో భాగహారం నిశ్శేషమో కాదో చెప్పవచ్చు. తక్కిన స్థానాలన్నీ పన్నెండు గుణిజాలే కదా! దశాంశంలో చివరి అంకె 2, 5, 10ల సంగతి మాత్రమే చెబుతుంది. అంకెల మొత్తంతో 9ని పరీక్షించే సూత్రం ఇక్కడ 11కు వర్తిస్తుంది, ఎందుకంటే 11 పన్నెండుకు ఒకటి తక్కువ. ‘210’ అంకెల మొత్తం 3. 300ను 11తో భాగిస్తే శేషమూ 3. వర్గసంఖ్యలు 0, 1, 4, 9లతో మాత్రమే ముగుస్తాయి. 3 కన్న పెద్దవైన ప్రధానసంఖ్యలు 1, 5, 7, ఏలతో మాత్రమే ముగుస్తాయి. నష్టమూ లేకపోలేదు: అయిదవ వంతు ఇక్కడ 0.24972497... అంటూ అంతు లేకుండా సాగుతుంది.

రామానుజన్ పేరుతో ముడిపడిన 1729 ద్వాదశాంశంలో ‘1001’. అది 12 ఘనానికి ఒకటి కలిపినదని చూడగానే తెలుస్తుంది. ఆధారం ఏదైనా ‘1001’ను ‘11’ నిశ్శేషంగా భాగిస్తుంది. దశాంశంలో 1001 = 11 × 91; ద్వాదశాంశంలో ‘11’ అంటే 13, 1729 = 13 × 133.

చివరి అంకె, అంకెల మొత్తం వ్రాతకు సంబంధించినవి. సరి, బేసి, ప్రధానం, వర్గం అనేవి సంఖ్యకు సంబంధించినవి. ఏ ఆధారంలో వ్రాసినా అవి మారవు. పిల్లలు భాజనీయతా సూత్రాలను వల్లె వేస్తారే తప్ప, అవి పదికి మాత్రమే చెల్లుతాయని సాధారణంగా ఎరుగరు. ఆధారం మార్చి చూపితే సూత్రం వెనుక ఉన్న కారణం బయటపడుతుంది.

ఇంట్లో పిల్లలకు ఒక అభ్యాసం: ఖతర్‌లో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జరిగిన 2022ను ద్వాదశాంశంలో వ్రాయమనండి. ‘1206’ వస్తుంది. భాగహారం చేయకుండానే అది 3తో, 6తో నిశ్శేషంగా భాగింపబడుతుందని, 4తో కాదని, 11తో శేషం 9 అని వారు చెప్పగలగాలి. ఆపై 8కి, 9కి సూత్రమేమిటో వారినే కనుగొనమనండి. 144 ఆ రెండింటికీ గుణిజమన్న ఒక్క సూచన చాలు.