చుట్టూ తిరిగే ఫొటోకు ఎంత సమయం పడుతుంది?

ఏలూరు తివాచీల నేత మొగలుల కాలంలో పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ళతో మొదలైందని పెద్దలు చెబుతారు. నేడు ఆ మగ్గాలు తగ్గిపోతున్నాయి. అవి ఉండగానే మన పిల్లల కోసం ఫొటోలు తీయించాలని మేము తలపెట్టాము. పనిముట్లకు ఒక పూట చాలని దాతలకు మాట ఇచ్చాము. లెక్క తప్పింది. ఎందుకు తప్పిందో చెప్పడం మా బాధ్యత.

ఈ ఫొటోలు రెండు రకాలు. వస్తువు ఫొటోలో కెమెరా కదలదు. తిరిగే బల్ల మీద వస్తువు తిరుగుతుంది. పనోరమాలో కెమెరాయే ఒకచోట నిలిచి చుట్టూ తిరుగుతుంది. చూసేవారు తెరపై వేలితో తిప్పుకుంటూ అన్ని వైపులా చూడవచ్చు.

మొదట వస్తువు లెక్క చూద్దాం. 10 డిగ్రీలకు ఒకటి చొప్పున 360 డిగ్రీలకు 36 ఫొటోలు. ఒక్కొక్కటి అర నిమిషమైతే 18 నిమిషాలు. ఉన్ని కత్తెర, దువ్వెన వంటి 10 పనిముట్లకు 3 గంటలు. మేము ఇక్కడే ఆగిపోయాము. కాని ప్రతి వస్తువునూ బల్ల నడిమధ్యన అమర్చి, లైట్లు సరిచేయడానికి 20 నిమిషాలు పట్టింది. అంటే మరో 200 నిమిషాలు. తరువాత 360 ఫొటోలను ఒక్కొక్కటి 2 నిమిషాల చొప్పున శుభ్రం చేయడానికి 12 గంటలు. మొత్తం 18 గంటల 20 నిమిషాలు!

పనోరమాకు వెడల్పు లెన్సుతో చుట్టూ 6, పైన 1, కింద 1 తీశాము. మగ్గం గదిలో చీకటి, కిటికీలో ఎండ; అందుకని ప్రతి వైపూ మూడు వెలుగుల్లో తీయాలి. అంటే 24 ఫొటోలు. తీయడం అరగంట పనే. కాని లెన్సు సరైన బిందువు చుట్టూ తిరగకపోతే దగ్గరి నూలుపోగులు అతుకు దగ్గర కలవవు. నేతగాడి చెయ్యి కదిలితే రెండు చేతులు కనిపిస్తాయి. వాటిని దిద్దడానికే ఒక పూట పోయింది.

తాడేపల్లిగూడెం మిత్రులు కొల్లేరును కూడా తీయమంటున్నారు. కైకలూరు దగ్గరి ఆటపాకలో గూడబాతులను చూపాలని వారి కోరిక. పడవ మీద కెమెరా నిలవదు. గట్టు మీద నుంచే తీయాలి. పక్షి ఎగిరితే, మబ్బు కమ్మితే మళ్ళీ మొదటికే. కాబట్టి అదనంగా ఒక రోజు ముందే కలుపుకోవాలి.

దాతలారా, ఇకపై ఇలాంటి పనికి ఎవరు అంచనా తెచ్చినా నాలుగు ప్రశ్నలు అడగండి: అమర్చడానికి ఎంత? తీయడానికి ఎంత? దిద్దడానికి ఎంత? పని చెడితే మళ్ళీ చేయడానికి ఎంత? ముందుగా ఒక్క వస్తువును పూర్తిగా చేయించి, గడియారం చూసి, ఆ తరువాతే హెచ్చవేయండి. మీ సొమ్ము మా దగ్గర అమానత్. దాని లెక్కలో గంటలు కూడా చేరతాయి.