గోడకున్న ఫైర్ సిలిండర్ ఎవరిది?

ప్రశ్న: మేం ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో అద్దెకు ఉంటున్నాం. పోయిన నెల పక్క ఫ్లాట్ వంటింట్లో కర్టెన్ అంటుకుంది. మావారు మెట్ల దగ్గరున్న ఫైర్ సిలిండర్ పట్టుకుని పరుగెత్తారు. పిన్ను లాగి ఎంత నొక్కినా ఏమీ రాలేదు. కింది అంతస్తుకు దిగి ఇంకొకటి తెచ్చి ఆర్పారు. ఇప్పుడు అసోసియేషన్ వాళ్లు ‘సీలు తెంచింది మీరే, రీఫిల్లింగ్ డబ్బులు మీరే కట్టాలి’ అంటున్నారు. పని చేయని సిలిండర్ మీద మాత్రం రెండు నెలల కిందటి తేదీతో సర్వీసు స్టిక్కర్ ఉంది. అద్దెకున్నవాళ్లం కావడంతో గట్టిగా అడగలేకపోతున్నాం. చట్టం ఏమంటుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందుగా మీవారికి నా నమస్కారం. మొదటి సిలిండర్ మొరాయించినా చేతులెత్తేయకుండా రెండోదాని కోసం పరుగెత్తిన మనిషిని బిల్లు కట్టమనడం నాకు బాధ కలిగించింది.

మంటను ఆపడానికి ఇంకొకరి వస్తువు వాడటం, అద్దం పగలగొట్టడం, తలుపు విరగ్గొట్టడం నేరం కాదు. భారతీయ న్యాయ సంహిత 19వ సెక్షన్ ఈ సంగతే చెబుతుంది. పాత శిక్షాస్మృతిలో ఇది 81వ సెక్షన్. పెద్ద హానిని తప్పించడానికి, దురుద్దేశం లేకుండా, మంచి మనసుతో చేసిన పని వల్ల చిన్న నష్టం జరిగినా అది నేరం కాదన్నది దాని సారం. దానికి చట్టం ఇచ్చిన ఉదాహరణ కూడా అగ్నిప్రమాదమే. మంటలు ఊరంతా పాకకుండా ఒకడు మధ్యలో ఉన్న ఇళ్లను పడగొడతాడు. ప్రాణాలనూ ఆస్తినీ కాపాడటానికే ఆ పని చేశాడని తేలితే అతను నేరం చేసినట్టు కాదు. ఇళ్లు పడగొట్టినవాడికే అంత రక్షణ ఉంటే, సీలు తెంచినవాడి సంగతి చెప్పాలా?

ఇక డబ్బుల విషయం. మెట్ల దగ్గరున్న సిలిండర్ కామన్ ఆస్తి. దాన్ని కొన్నది మంట వస్తే వాడటానికే. వాడిన తర్వాత మళ్లీ నింపించడం మెయింటెనెన్స్ నిధిలోంచి పెట్టాల్సిన ఖర్చు. లిఫ్టు మోటారు కాలిపోతే ఆ సమయానికి లిఫ్టులో ఉన్నవాళ్ల దగ్గర వసూలు చేయం కదా. ఆకతాయితనంగా పిన్ను లాగితే వేరే మాట. మీ వారు చేసింది అది కాదు. అద్దెకున్నా మెయింటెనెన్స్ మీ చేతుల మీదుగానో ఇంటి ఓనరు చేతుల మీదుగానో వెళుతూనే ఉంది. ‘అత్యవసరంలో వాడాం, ఖర్చు నిధి నుంచే పెట్టాలి’ అని ఒక కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

అసలు అడగాల్సిన ప్రశ్న పని చేయని ఆ మొదటి సిలిండర్ గురించి. మీ అసోసియేషన్‌లో దాని గురించి ఎవరూ నోరెత్తకపోవడమే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది.

అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా ఉండేది ఏబీసీ పౌడర్ సిలిండర్. ఏ అంటే కర్ర, గుడ్డ, కాగితం లాంటివి; బీ అంటే పెట్రోలు, కిరోసిన్ లాంటి ద్రవాలు; సీ అంటే గ్యాసు. లోపల మోనో అమ్మోనియం ఫాస్ఫేట్ అనే పొడి ఉంటుంది, దాన్ని బయటికి తోసే నైట్రోజన్ వాయువు ఒత్తిడితో ఉంటుంది. లివర్ నొక్కితే వాల్వు తెరుచుకుని పొడి మేఘంలా బయటికి వస్తుంది. అది మంటలో సాగుతున్న రసాయన చర్యను తెంచేస్తుంది, వేడికి కరిగి కాలుతున్న వస్తువు మీద పొరలా పరుచుకుని గాలి తగలకుండా చేస్తుంది. అయితే నీళ్లలా చల్లార్చదు. అందుకే ఆరిందనుకున్న పరుపు, దూది మళ్లీ రాజుకుంటాయి.

అది పని చేయకపోవడానికి కారణాలు కూడా సాదాసీదావే. వాల్వు దగ్గర సన్నగా లీకై ఒత్తిడి పోయి ఉండవచ్చు. పొడి అడుగున గడ్డకట్టి ఉండవచ్చు. నాజిల్‌లో కందిరీగ మట్టిగూడు కట్టినా చాలు. ఒకసారి కొంచెం వాడి మళ్లీ తగిలించేసినా అంతే. వాల్వులో ఇరుక్కున్న పొడి వల్ల మిగిలిన ఒత్తిడి నెమ్మదిగా జారిపోతుంది. అందుకే రెండు సెకన్లు నొక్కినా సరే మళ్లీ నింపించాల్సిందే. వీటిలో చాలామటుకు సిలిండర్‌ను గోడ నుంచి దించి చూసే మనిషికి తెలిసిపోతాయి. స్టిక్కర్ మార్చి వెళ్లిపోయే మనిషికి తెలియవు.

భారత ప్రమాణాల సంస్థ ఈ సిలిండర్ల తయారీకి ఐఎస్ 15683 అనే ప్రమాణం, వాటి ఎంపికకు, నిర్వహణకు ఐఎస్ 2190 అనే నియమావళి పెట్టింది. ఎక్కడున్నా 15 మీటర్లకు మించి నడవకుండా సిలిండర్ చేతికి అందాలని ఆ నియమావళి ఉద్దేశం. పౌడర్ సిలిండర్ జీవితకాలం పదేళ్లు, కార్బన్ డయాక్సైడ్‌ది పదిహేనేళ్లు. నడుమ నిర్ణీత కాలానికి ఒకసారి ఒత్తిడి పరీక్ష కూడా చేయాలి. తయారీ సంవత్సరం సిలిండర్ మీద ఉంటుంది, చదవండి. పౌడర్ సిలిండర్‌కైతే పైన చిన్న గేజ్ ఉంటుంది. ముల్లు ఆకుపచ్చ గీతలోనే ఉండాలి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కు గేజ్ ఉండదు, తూకం వేసి చూడాలి. ఐఎస్ఐ గుర్తు పక్కన సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. దాన్ని ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ లైసెన్సు ఎవరిదో, బతికే ఉందో లేదో తెలుస్తుంది. కారు కోసమో వంటింటి కోసమో ఒక కిలో, రెండు కిలోల బుల్లి సిలిండర్ కొనేవాళ్లు ఈ పని తప్పక చేయాలి.

ఇప్పుడు మీ హక్కు. సర్వీసు చేశామని స్టిక్కర్ అంటించి, డబ్బు తీసుకుని, పని చేయని సిలిండర్‌ను గోడకు వదిలేసి వెళ్లడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవాలోపం. ఒప్పందం అసోసియేషన్‌ది కదా, మేమెవరం అనుకోకండి. డబ్బు కట్టినవారి అనుమతితో ఆ సేవను పొందేవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. ముందుగా గేజ్, స్టిక్కర్, తయారీ సంవత్సరం కనబడేలా ఫొటోలు తీయండి. సర్వీసు కంపెనీ మనిషి వచ్చి ‘ఇటివ్వండి, సరిచేసి తెస్తాం’ అంటే వెంటనే ఇచ్చేయకండి. మీ చేతిలోని అసలు సాక్ష్యం అదే. ఇద్దరు ముగ్గురు నివాసుల ముందు పరిస్థితి రాసుకుని, సంతకాలు పెట్టించి, ఆ తర్వాతే రసీదు తీసుకుని ఇవ్వండి. ఆ తర్వాత కంపెనీకి రాతపూర్వకంగా నోటీసు పంపండి. దిగిరాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, లేదా నేరుగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మీరుండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు.

మీ అసోసియేషన్ ఒక మాట అనే అవకాశం ఉంది: ‘మనది చిన్న బిల్డింగ్, ఫైర్ ఎన్‌వోసీ అక్కర్లేదు, ఈ సిలిండర్లు ఏదో మన ఇష్టం కొద్దీ పెట్టుకున్నవి’ అని. సగం నిజమే. అగ్నిమాపక సేవల చట్టం, 1999 రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. దాని ప్రకారం నివాస భవనాలకు 18 మీటర్ల ఎత్తు నుంచి, వాణిజ్య భవనాలకు 15 మీటర్ల నుంచి ఎన్‌వోసీ కావాలి. బడి, సినిమాహాలు, ఫంక్షన్ హాలు లాంటి జనం గుమిగూడే చోట్లకు ఇంకా తక్కువ కొలతకే, అంటే 500 చదరపు మీటర్ల స్థలం లేదా 6 మీటర్ల ఎత్తు దాటితేనే కావాలి. మీ ఐదంతస్తులు ఆ 18 మీటర్ల లోపే ఉండవచ్చు. అయినా, గోడకు సిలిండర్ తగిలించి, దాని పేరు మీద డబ్బు వసూలు చేసి, అది పని చేస్తుందని నివాసులు నమ్మేలా చేశాక దాన్ని పని చేసే స్థితిలో ఉంచడం బాధ్యతే. ఆ నిర్లక్ష్యం వల్ల రేపు ఒక ప్రాణం పోతే న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష పడే కేసు కావచ్చు. ఎత్తయిన భవనాల్లో ఉండేవారు ఎన్‌వోసీ ఉందో లేదో, ఎప్పుడు తనిఖీ చేశారో సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అగ్నిమాపక శాఖను అడగవచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి.

ముందే అడగమని ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, నిప్పు అంటుకున్న తర్వాత న్యాయం చాలా ఆలస్యంగా వస్తుంది. ఢిల్లీ ఉపహార్ సినిమాహాలులో 1997 జూన్ 13న 59 మంది చనిపోయారు. సుప్రీంకోర్టు పరిహారం లెక్క తేల్చింది 2011లో. 20 ఏళ్లు దాటినవారికి 10 లక్షలు, ఆ లోపు వారికి 7.5 లక్షలు. హైకోర్టు ఇచ్చిన మొత్తాన్ని తగ్గించి మరీ ఇచ్చిన లెక్క అది. పద్నాలుగేళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన ఆ తల్లిదండ్రుల్ని తలుచుకుంటే గేజ్ చూడటానికి పట్టే అర నిమిషం ఎంత విలువైనదో తెలుస్తుంది.

బడి పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. 2004లో కుంభకోణం బడిలో 90 మందికి పైగా పిల్లలు కాలిపోయిన తర్వాత, అవినాశ్ మెహరోత్రా కేసులో 2009లో సుప్రీంకోర్టు భద్రమైన బడిలో చదువుకోవడం పిల్లల ప్రాథమిక హక్కు అని తేల్చింది. ప్రతి బడిలో కంటికి కనబడే చోట ఐఎస్ఐ గుర్తున్న ఫైర్ సిలిండర్లు ఉండాలని, సిబ్బందికి వాటి వాడకం నేర్పాలని ఆదేశించింది. ఫీజు కట్టడానికి వెళ్లినప్పుడు సిలిండర్ ఎక్కడుందని అడగండి. ఆ ప్రశ్న అడిగే హక్కు మీకు ఆ తీర్పే ఇచ్చింది.

వాడటం తెలియకపోతే హక్కున్నా లాభం లేదు కాబట్టి అదీ చెబుతాను. ముందు కేక వేసి అందర్నీ బయటికి పంపించి, 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయించండి. మీ వీపు తలుపు వైపు ఉండేలా, మంటకు రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడండి. పిన్ను లాగేటప్పుడు లివర్ నొక్కి పట్టుకోకండి. నొక్కితే పిన్ను బిగుసుకుపోతుంది, కంగారులో చాలామంది చేసే పొరపాటు ఇదే. నాజిల్‌ను పైకి లేస్తున్న మంట మీదికి కాదు, మంట మొదలుకు గురిపెట్టి నొక్కుతూ అటూ ఇటూ ఊపాలి. చిన్న సిలిండర్ దాదాపు పది సెకన్లకే ఖాళీ అవుతుంది, ఆరు కిలోలది కూడా అర నిమిషం రాదు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ అయితే దాని కొమ్మును చేత్తో పట్టుకోకండి, గడ్డకట్టే చలికి చర్మం కాలినట్టవుతుంది.

మూకుడులో నూనె అంటుకుంటే స్టవ్ ఆపి మూత పెట్టండి, నీళ్లు అసలు పోయకండి. గ్యాసు బండ దగ్గర మంటైతే ముందు రెగ్యులేటర్ కట్టేయాలి. గ్యాసు వస్తుండగా మంటను మాత్రం ఆర్పితే ఆ గ్యాసు గదిలో నిండి పేలుతుంది. విద్యుత్ స్కూటర్ బ్యాటరీ అంటుకుంటే ఈ పొడిని నమ్ముకోవద్దు, లోపలి వేడిని అది ఆపలేదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో విద్యుత్ స్కూటర్ల షోరూమ్‌లో రేగిన మంటల పొగ పైనున్న లాడ్జిని కమ్మేసి ఎనిమిది మందిని చంపింది. మంట మీ నడుము ఎత్తు దాటినా, పొగ కప్పు కింద దట్టంగా పరుచుకున్నా సిలిండర్ వదిలేసి, వెనుక తలుపు వేసి బయటికి వచ్చేయండి.

చివరగా మీ ఇంటి విషయం. ఈ ఉత్తరం రాసే సమయానికి మీ మూడో అంతస్తు సిలిండర్ పని చేయదు, కింది అంతస్తుది ఖాళీ. మీ అసోసియేషన్ డబ్బుల లెక్క తేల్చుకునే దాకా రెండు అంతస్తుల పిల్లాపెద్దలు దేవుడి మీద భారం వేసి పడుకుంటున్నారు. మొదటిదాని పరిస్థితి పైన చెప్పినట్టు రాసుకుని, రేపే రెండింటినీ నింపించండి, నలుగురూ చందా వేసుకునైనా సరే. రసీదు జాగ్రత్తగా దాచండి, ఆ సొమ్ము ఎవరి దగ్గర రాబట్టాలో తర్వాత చూద్దాం.