ఇంజిన్ మార్చే ముందు ఒక చెంచా ఆయిల్

1983లో వచ్చిన మారుతి 800లో ఉన్నది 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజిన్. ఇలాంటి పాత కారు ఎత్తు ఎక్కలేక, నీలిరంగు పొగ వదులుతుంటే ఇంటి దగ్గరే ఇంజిన్ మార్చడానికి కొందరు సిద్ధపడతారు. అంతకు ముందు అరిగిందేమిటో తేల్చుకోవాలి.

పిస్టన్ చుట్టూ ఉండే రింగులు సిలిండర్ గోడకు ఆనుకుని, వాయువులు కిందికి జారిపోకుండా ఆపుతాయి. రింగులు, గోడలు అరిగితే పీడనం తగ్గుతుంది. ఆయిల్ పైకి చేరి మండుతుంది. ఇగ్నిషన్ కాయిల్ వైరు విడదీసి, స్పార్క్ ప్లగ్‌లు తీసి, ఒక్కో రంధ్రానికి కంప్రెషన్ గేజ్ బిగించి స్టార్టర్‌తో ఇంజిన్‌ను తిప్పితే పీడనం తెలుస్తుంది. తక్కువ చూపిన సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. ఆయిల్ రింగుల సందులను కాసేపు మూస్తుంది. అందుకే పీడనం బాగా పెరిగితే అరిగినవి రింగులో గోడలో అన్నమాట. పెరగకపోతే వాల్వులను, హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. వాటి కోసం ఇంజిన్ మొత్తం మార్చనక్కర్లేదు.

మార్చక తప్పకపోతే ముందుగా బ్యాటరీ వైర్లు తీసేయాలి. చైన్ పుల్లీకి వేలాడే ఇంజిన్ కింద గాని, జాకీ మీదే నిలిచిన కారు కింద గాని ఎవరూ ఉండకూడదు. కొత్త ఇంజిన్ నంబరును రవాణా కార్యాలయంలో ఆర్‌సీలో నమోదు చేయించాలి.