మిలిటరీ ఆయన జీవితం రాయాలంటే

వార్షికోత్సవ సంచికల్లో మనం అంబేద్కర్ గారి గురించి, జాషువా గారి గురించి రాసుకుంటాం. రాసుకోవాలి కూడా. అయితే పట్టాళం నుంచి వచ్చేసి, సైకిలు మీద దుప్పట్లు, సబ్బులు వేసుకుని ఊరూరా అమ్మిన మాజీ సైనికుడికి ఒక్క పేజీ ఇవ్వాల్సి వస్తే ఏం రాస్తాం? రాయవరం నుంచి ఇటు మండపేట, అటు రామచంద్రపురం వైపు ఊళ్లలో అలాంటివారిని పేరు పెట్టి పిలిచేది తక్కువ. "మిలిటరీ ఆయన" అంటే చాలు, ఇల్లు చూపిస్తారు. ఆయన పోయాక ఆ పిలుపు కూడా పోతుంది. అందుకే ఈ పాఠం.

సాధారణంగా మనం రాసేది ఇలా ఉంటుంది: "మృదుస్వభావి, అజాతశత్రువు, నిస్వార్థపరుడు." ఈ మూడు మాటలూ ఎవరి ఫ్లెక్సీ మీద వేసినా సరిపోతాయి. కాబట్టి వీటితో ఆ మనిషి మనకు కనపడడు. కనపడాలంటే ముందు ఆయన ట్రంకు పెట్టె తెరవాలి.

అందులో ముఖ్యమైనది డిశ్చార్జి పుస్తకం. సర్వీసు నంబరు, చేరిన తేదీ, చేసిన పని, విడుదలైన కారణం అందులో ఉంటాయి. తర్వాత పతకాలు చూడాలి. స్వాతంత్ర్యం వచ్చాక ఇచ్చిన పతకాల అంచు మీద సాధారణంగా నంబరు, పేరు చెక్కి ఉంటాయి. భూతద్దం పెట్టి చదవండి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 1971 యుద్ధానికి సంబంధించి సంగ్రామ్ మెడల్ యుద్ధభూమికి వెళ్లనివారికి కూడా ఇచ్చారు. తూర్పు రంగంలో పనిచేసినవారికి పూర్వీ స్టార్, పడమటి రంగంలో పనిచేసినవారికి పశ్చిమీ స్టార్ వచ్చాయి. 1965కి అలాగే రక్షా మెడల్ వేరు, సమర్ సేవా స్టార్ వేరు. ఆయన చెప్పని యుద్ధాన్ని మనం ఆయన చేత చేయించకూడదు. వంట చేసినా, లారీ నడిపినా, వైర్లు లాగినా అదీ సైన్యమే.

మరి పట్టాళంలో చేసినవాడు అమ్మకాలకు ఎందుకు దిగాడు? ఇది చాలామంది అడగని ప్రశ్న. సిపాయి సర్వీసు ముగిసేసరికి చాలామందికి నలభై ఏళ్లు కూడా నిండవు. పిల్లలు అప్పుడే బడికి వెళ్తుంటారు. సర్వీసు పింఛను రావాలంటే మామూలుగా కనీసం 15 ఏళ్లు చేసి ఉండాలి. పాత రోజుల్లో అంతకంటే తక్కువ ఏళ్లకే ఇంటికి వచ్చినవారూ ఉన్నారు. పొలం లేనివాడికి పింఛను ఒక్కటే చాలదు, అదీ లేనివాడి సంగతి చెప్పనక్కర్లేదు.

అంబేద్కర్ గారి తండ్రి రామ్‌జీ సక్పాల్ సుబేదారు హోదాలో పనిచేసినవారు. అంబేద్కర్ గారు 1891లో పుట్టింది కూడా మౌ సైనిక శిబిరంలోనే. సైన్యం వదిలాక ఆ తండ్రి గోరేగావ్‌లో క్యాషియరు ఉద్యోగం చేశారు. ఆయన దగ్గరికి బయల్దేరిన పిల్లలు మసూర్ స్టేషన్‌లో దిగితే, కులం తెలిశాక బండివాళ్లు ఎక్కించుకోవడానికి ఒప్పుకోలేదు. చివరికి రెట్టింపు కూలి ఇచ్చి, బండి తామే తోలుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. సుబేదారు పిల్లలన్న గౌరవం ఆ స్టేషన్ దాటి రాలేదు. మన మిలిటరీ ఆయన గురించి రాసేటప్పుడు కూడా ఈ ప్రశ్న అడగాలి: యూనిఫాం విప్పాక ఏ అరుగు మీద కూర్చోనిచ్చారు, ఏ ఇంట్లో గ్లాసు వేరుగా పెట్టారు? ఇంట్లోవాళ్లు చెప్పడానికి ఇష్టపడితేనే రాయాలి.

ఇక అమ్మకం సంగతి. మా దృష్టిలో అసలు మనిషి దొరికేది ఇక్కడే. ఆయన అరువు పద్దు పుస్తకం దొరికితే పతకాలకన్నా జాగ్రత్తగా చూడండి. సార్వా కోతలకు ఎవరు తీర్చారు, దాళ్వా దాకా ఎవరికి గడువిచ్చాడు, ఏ పేరు కొట్టేసి ఉంది, కొట్టేసింది బాకీ తీరినందుకా, తీరదని తెలిసినందుకా? "దయగలవాడు" అని రాయడం కన్నా, ఆసుపత్రిలో ఉన్న కూలి మనిషి ఇంటికి వాయిదా అడగడానికి వెళ్లలేదని రాస్తే చదివేవాడికి అర్థమవుతుంది. అలాగే గట్టిగా వసూలు చేసిన రోజులు ఉంటే అవీ రాయాలి. సరుకు అమ్ముకుని బతికినవాడు డబ్బు అడగకుండా ఉండడు కదా!

మారుపేర్లు కూడా ఆధారాలే. పింగళి వెంకయ్య గారు యువకుడిగా బోయర్ యుద్ధంలో పనిచేశారు. తర్వాత జనం ఆయన్ని పత్తి వెంకయ్య, జపాన్ వెంకయ్య, డైమండ్ వెంకయ్య అన్నారు. ఆ మూడు పిలుపుల్లోనే పత్తి పరిశోధన, జపనీస్ భాష, వజ్రాల అన్వేషణ ఉన్నాయి. 1963లో పేదరికంలోనే చనిపోయారు, తపాలా బిళ్ల 2009లో గానీ రాలేదు.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరంలో సైనికులకు స్మారకం ఉంది, ఊరినే మిలిటరీ మాధవరం అంటారు. ఒక్కడే పట్టాళానికి వెళ్లిన పేటకు రాయి ఎవరు వేస్తారు?

ఇంకొక పని ఉంది, ఇది వ్యాసం కన్నా తొందరగా చేయాలి. పెట్టె తెరిచినప్పుడు భార్య పేరు డిశ్చార్జి పుస్తకంలోనూ, పింఛను కాగితాల్లోనూ, ఆధార్‌లోనూ ఒకేలా ఉందో లేదో చూడండి. ఒక చోట ఇంటిపేరుతో, ఇంకో చోట లేకుండా ఉంటే కుటుంబ పింఛను దగ్గర ఆగిపోవచ్చు. తేడా కనిపిస్తే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఆ కాగితాలు పట్టుకుని ఆమెతో పాటు మనలో ఒకరు వెళ్లాలి. అర్జీ రాయడం మనకు వచ్చు.