స్మార్ట్ గృహము – స్వావలంబనము

దీపమును, పంకాను ఫోనుతో నడుపు ఇంటిని నేడు స్మార్ట్ హోమ్ అనుచున్నాము. అయితే ఇట్టి పరికరములలో పెక్కింటికి మన ఆజ్ఞ నేరుగా చేరదు. ఇంటర్నెట్ ద్వారా దూరమందలి కంపెనీ సర్వరునకు పోయి, తిరిగి మన గదికి వచ్చును. 2022 ఏప్రిల్‌లో అమెరికాలోని ఇన్‌స్టియాన్ సంస్థ సర్వర్లు ఆకస్మికముగా ఆగిపోగా, ఫోనుద్వారా ఇచ్చు ఆజ్ఞలు నిలిచిపోయినవి. గోడ స్విచ్చులు మాత్రము పనిచేసినవి.

దీనికి పరిష్కారమేమి? నిర్ణయము ఇంటిలోనే జరుగవలెను. 2013లో ఆరంభమైన హోమ్ అసిస్టెంట్ అను ఉచిత సాఫ్ట్‌వేరును రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరులో నెలకొల్పి, జిగ్బీ రేడియో పరికరమునొకదానిని అమర్చి, బల్బులను, సెన్సర్లను జతపరచినచో, ఇంటర్నెట్ లేకున్నను అవి పనిచేయును. ఊరికి దూరముగా నున్నపుడు నడుపుటకు మాత్రము అది కావలసియుండును.

కావున కొనుటకు ముందే, “ఇంటర్నెట్ లేనిచో ఇది పనిచేయునా?” అని ప్రశ్నింతము. తాళపుచెవి పరులచేతిలో నుంచి ఇల్లు మనదనుకొనుట వివేకము కాదు.