బి.ఇడి. ఉపకార వేతనం - సబ్జెక్టుపై పట్టు

మన వసతి గృహంలో మాస్టారు కావాలని, టీచరమ్మ కావాలని కోరుకునేవారు చాలామంది. బిట్రగుంట నుంచి కావలికో, నెల్లూరుకో వెళ్ళి బి.ఇడి. చదవాలంటే మనకు ముందుగా అడ్డొచ్చేది ఫీజు.

షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతనాలు 1944 నుంచి ఉన్నాయి. 2021లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం తల్లిదండ్రుల వార్షికాదాయం 2.5 లక్షల రూపాయలు దాటరాదు. యాజమాన్య కోటాలో గాని, స్పాట్ అడ్మిషన్‌లో గాని చేరితే ఈ వేతనం రాదు. కాబట్టి ఎడ్‌సెట్ బాగా రాసి కన్వీనర్ కోటా సీటే తెచ్చుకోవాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్ జతచేసిన బ్యాంకు ఖాతా ముందే సిద్ధం చేసుకోవాలి.

అయితే ఈ డబ్బు సీటును నిలబెడుతుంది గాని సబ్జెక్టు నేర్పదు. 2025 మెగా డి.ఎస్.సి.లో స్కూల్ అసిస్టెంటు రాతపరీక్షకు 80 మార్కులు. అందులో బోధనా పద్ధతులకు 20 అయితే, సబ్జెక్టుకు 40. అంటే సరిగ్గా సగం!

ఇంగ్లండులో గణితం, భౌతికశాస్త్రం వంటి వాటిలో వెనుకబడిన అభ్యర్థులకు ఉపాధ్యాయ శిక్షణకు ముందే 8 నుంచి 28 వారాల సబ్జెక్టు కోర్సు పెట్టి, ఆ రోజులకూ భృతి ఇచ్చారు. మన బి.ఇడి.లో ఆ లోటు మనమే పూడ్చుకోవాలి. 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా పాఠ్యపుస్తకాలు మళ్ళీ మొదటినుంచి చదవాలి. సాయంత్రం స్టడీ అవర్‌లో చిన్న తరగతుల తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు రోజుకొక లెక్క చెప్పి చూద్దాం. వాళ్ళు "ఎందుకు?" అని అడిగినచోట మనం ఆగిపోతే, అక్కడే మనం చదవాల్సింది ఉందన్నమాట.

ఫీజు ప్రభుత్వం కడుతుంది. చదువు మనం కట్టుకోవాల్సిన ఇల్లు.